చెల్లింపు బటన్: మధ్యలో సిగ్నల్ పోతే డబ్బు సంగతేమిటి?

హైదరాబాద్‌లో ఒకరు ఫోన్‌లో అడవి తేనె అమ్మే వెబ్‌సైట్ తెరిచారు. అర కిలో సీసా 300 రూపాయలు. ‘ఇప్పుడే చెల్లించండి’ అన్న బటన్ నొక్కి, యూపీఐ పిన్ కొట్టారు. తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది. ఈలోగా ఖాతాలో 300 రూపాయలు కోత పడినట్టు బ్యాంకు సందేశం వచ్చింది. వెబ్‌సైట్ మాత్రం ‘చెల్లింపు పూర్తి కాలేదు, మళ్లీ ప్రయత్నించండి’ అంటోంది. మళ్లీ నొక్కాలా? నొక్కితే ఇంకో 300 పోతాయా?

అటువైపు తేనె అమ్మే మహిళా సంఘానిదీ ఇదే అయోమయం. డబ్బు రాకుండానే పార్సిల్ పంపితే సరుకు పోయినట్టే. డబ్బు వచ్చాక కూడా పంపకపోతే కొన్నవారి నమ్మకం పోతుంది. చిన్న వ్యాపారానికి ఈ రెండో నష్టమే పెద్దది.

ఆ సంఘం పామేడులో ఉందనుకుందాం. సంఘం, వెబ్‌సైట్ రెండూ ఊహించినవే. ఊరు, ఊరికున్న ఇబ్బంది మాత్రం నిజం.

పామేడు చుట్టుదారి

పామేడు ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ ప్రాంతంలో, బీజాపూర్ జిల్లాలో, తెలంగాణ సరిహద్దుకు ఆనుకుని ఉంది. అడవి దున్నల కోసం ఏర్పాటు చేసిన అభయారణ్యానికి ఈ ఊరి పేరే పెట్టారు. గోండు, కోయ, దోర్లా మాటలతో పాటు తెలుగు కూడా వినిపించే సరిహద్దు పల్లెలివి. జిల్లా కేంద్రం బీజాపూరే అయినా నేరుగా రహదారి లేక, చాలా ఏళ్ల పాటు జనం తెలంగాణలోని చెర్ల మీదుగా చుట్టి వెళ్లవలసి వచ్చింది. సంతకైనా ఆసుపత్రికైనా చెర్ల, భద్రాచలం వైపు రావడమే వారికి అలవాటు.

ఇలాంటి ఊళ్లకు రోడ్డు ఎంత ఆలస్యంగా వచ్చిందో ఫోన్ సిగ్నల్ కూడా అంతే ఆలస్యంగా వచ్చింది. మావోయిస్టు ప్రభావిత ప్రాంతాల్లోని 2,343 మొబైల్ టవర్లను 2జీ నుంచి 4జీకి మార్చేందుకు కేంద్ర మంత్రివర్గం 2022 ఏప్రిల్‌లో ఆమోదం తెలిపింది. అదే ఏడాది జులైలో, సిగ్నల్ అందని 24,680 గ్రామాలకు 4జీ ఇచ్చే పథకాన్ని కూడా ఆమోదించింది. టవర్ వచ్చిన చోట కూడా అడవి, గుట్టలు, కరెంటు కోతలు సిగ్నల్‌ను నిలకడగా ఉండనివ్వవు.

ఈ అడవుల్లో అమ్మకానికి సరుకు మాత్రం తక్కువేమీ లేదు. తేనె, ఇప్పపువ్వు, చింతపండు, సారపప్పు, కరక్కాయ దొరుకుతాయి. అటవీ ఉత్పత్తులకు ఊరి సంత దాటి గిరాకీ ఉందని ట్రైఫెడ్ వారి ‘ట్రైబ్స్ ఇండియా’, విశాఖపట్నం కేంద్రంగా 1956లో మొదలైన గిరిజన సహకార సంస్థ ఇప్పటికే చూపించాయి. చిన్న సంఘం కూడా సొంతంగా ఒక పేజీ పెట్టుకుని, దానికో చెల్లింపు బటన్ తగిలిస్తే దళారీతో పని లేకుండా నేరుగా అమ్ముకోవచ్చు. అయితే సిగ్నల్ వచ్చి పోతుండే ఊరికి ఆ బటన్ పనికొస్తుందా?

పనికొస్తుంది. ఎందుకో తెలియాలంటే బటన్ వెనుక ఏం జరుగుతుందో చూడాలి.

మూడు రకాల బటన్లు

పైకి ఒకేలా కనిపించినా చెల్లింపు బటన్లలో మూడు రకాలున్నాయి.

మొదటిది యూపీఐ లింకు. అమ్మేవారి యూపీఐ చిరునామా, పేరు, మొత్తం, ఒక గుర్తింపు సంఖ్య కలిపి రాసిన చిన్న వాక్యమే ఈ లింకు. బటన్‌ను తాకగానే ఫోన్‌లోని యూపీఐ యాప్ ఆ వాక్యాన్ని చదివి, మొత్తం నింపేసి, పిన్ అడుగుతుంది. దుకాణాల్లో అతికించే క్యూఆర్ కోడ్‌లో ఉండేది కూడా ఇలాంటి వాక్యమే. దీనికి ఖర్చు లేదు, పెట్టడం తేలిక. కానీ డబ్బు పడిందో లేదో వెబ్‌సైట్‌కు తెలిసే దారి ఇందులో లేదు. కొన్నవారు వాట్సాప్‌లో స్క్రీన్‌షాట్ పంపాలి, అమ్మినవారు బ్యాంకు ఖాతా తెరిచి సరిచూసుకోవాలి. స్క్రీన్‌షాట్ అంటే ఒట్టి బొమ్మ. దాన్ని ఎవరైనా తయారు చేయగలరు.

రెండోది పేమెంట్ అగ్రిగేటర్ ఇచ్చే సిద్ధం చేసిన బటన్. బ్యాంకులకూ చిన్న వ్యాపారాలకూ మధ్య నిలబడి, డబ్బు వసూలు చేసి ఖాతాలో జమచేసే సంస్థను అగ్రిగేటర్ అంటారు. వీటి నియంత్రణకు రిజర్వు బ్యాంకు 2020 మార్చి 17న మార్గదర్శకాలు జారీ చేసింది. కొనుగోలుదారుల డబ్బును ఇవి తమ సొంత డబ్బుతో కలపకుండా విడిగా ఎస్క్రో ఖాతాలో ఉంచాలి. అగ్రిగేటర్ దగ్గర ఖాతా తెరిచి, వారిచ్చిన నాలుగైదు వరుసల కోడ్‌ను పేజీలో అతికిస్తే బటన్ కనిపిస్తుంది.

మూడోది పూర్తి అనుసంధానం. వెబ్‌సైట్ సర్వరే అగ్రిగేటర్ సర్వర్‌తో నేరుగా మాట్లాడుతుంది. దీన్ని పెట్టడానికి ప్రోగ్రామర్ కావాలి. ఎక్కువ ఆర్డర్లు, ఎక్కువ రకాల సరుకు ఉన్నప్పుడు ఇది అవసరమవుతుంది.

నెలకు పదో పాతికో ఆర్డర్లు వచ్చే సంఘానికి రెండో రకం సరిపోతుంది. రెండో రకంలో అగ్రిగేటర్ తెర వెనుక చేసే పనినే మూడో రకంలో ప్రోగ్రామర్ రాస్తారు కాబట్టి ఈ రెండింటి వెనుక జరిగేది దాదాపు ఒకటే.

నొక్కిన తర్వాత

బటన్ నొక్కగానే డబ్బు కదలదు. మొదట ఒక కాగితం పుడుతుంది. ‘ఆర్డర్ 417, అర కిలో తేనె, 30000, చెల్లింపు రాలేదు’ అని సర్వర్ తన పుస్తకంలో రాసుకుంటుంది. ఆ 30000 పైసల లెక్క. చెల్లింపు వ్యవస్థలు చాలావరకు మొత్తాన్ని పైసల్లో, పూర్ణ సంఖ్యగానే తీసుకుంటాయి. కంప్యూటర్ లెక్కించేది రెండు అంకెలతో, అంటే 0, 1లతో. ఆ పద్ధతిలో 0.1ని కచ్చితంగా రాయడం కుదరదు, మనం మూడో వంతును దశాంశాల్లో పూర్తిగా రాయలేనట్టే. అందుకే మామూలు దశాంశ పద్ధతిలో చాలా ప్రోగ్రామింగ్ భాషలు 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 అని చూపిస్తాయి. డబ్బు లెక్కలో ఆ చివరి 4కు చోటు ఉండకూడదు.

ధరను కొనుగోలుదారు ఫోన్ చెప్పకూడదు, సర్వరే నిర్ణయించాలి. పేజీలోని 300ను 3గా మార్చి పంపడం కాస్త తెలిసినవారికి కష్టం కాదు.

ఆ తర్వాత తెర అగ్రిగేటర్ పేజీకి మారుతుంది. కార్డు సంఖ్య, ఓటీపీ లాంటివన్నీ అక్కడే నమోదవుతాయి, తేనె సంఘం సర్వర్ వాటిని చూడనే చూడదు. 2022 అక్టోబరు 1 నుంచి అసలు కార్డు సంఖ్యలను వ్యాపారులు దాచుకోకూడదన్న నిబంధన కూడా ఉంది.

యూపీఐ ఎంచుకుంటే ఆ సందేశం చాలా దూరం తిరుగుతుంది. కొన్నవారి యాప్ నుంచి దాని వెనుక ఉన్న బ్యాంకుకు, అక్కడి నుంచి నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్‌కు వెళ్తుంది. 2016లో యూపీఐని తెచ్చింది ఈ సంస్థే. అది డబ్బు చేరవలసిన చిరునామా ఎవరిదో కనుక్కుని, కొన్నవారి బ్యాంకును ‘300 తగ్గించు’ అని అడుగుతుంది. తగ్గించినట్టు జవాబు వచ్చాక అవతలి బ్యాంకుకు ‘300 జమచేయి’ అంటుంది. ఆ జవాబు కూడా అందాక వచ్చిన దారినే వెనక్కి కబురు పంపుతుంది. అంతా సవ్యంగా ఉంటే కొన్ని సెకన్లలో ముగిసిపోయే పని ఇది. బీజాపూర్ వెళ్లడానికి చెర్ల చుట్టి రావడం లాంటిదే ఈ ప్రయాణం. మలుపులు ఎన్ని ఉంటే, మధ్యలో ఆగిపోయే చోట్లు కూడా అన్ని ఉంటాయి.

తగ్గించడం ముందు, జమచేయడం తర్వాత. ఈ రెంటికీ మధ్య, లేదా జమ అయ్యాక కబురు వెనక్కి వచ్చేలోపు ఎక్కడైనా లింకు తెగితే, హైదరాబాద్‌లో కనిపించిన దృశ్యమే ఎదురవుతుంది. ఖాతాలో డబ్బు తగ్గింది, వెబ్‌సైట్ రాలేదంటోంది.

వచ్చిన కబురు నిజమేనా?

కబురు వచ్చిందనుకున్నా మరో ప్రశ్న మిగులుతుంది. ‘ఆర్డర్ 417కి డబ్బు అందింది’ అన్న మాట అగ్రిగేటర్ చెప్పిందేనా, లేక ఎవరైనా మోసగాడు పంపాడా? సర్వర్ ఇంటర్నెట్‌లో ఉంటుంది, దానికి ఎవరైనా ఉత్తరం రాయవచ్చు.

దీనికి జవాబు డిజిటల్ ముద్ర. ఖాతా తెరిచినప్పుడే అగ్రిగేటర్ ఒక రహస్య సంకేతం ఇస్తుంది. అది అగ్రిగేటర్‌కూ వెబ్‌సైట్ సర్వర్‌కూ తప్ప మరెవరికీ తెలియదు. చెల్లింపు కబురు పంపేటప్పుడు అగ్రిగేటర్ ఆ కబురునూ రహస్య సంకేతాన్నీ కలిపి ఒక గణిత ప్రక్రియలో నలగ్గొడుతుంది. చివరికి 256 బిట్ల సంఖ్య ఒకటి వస్తుంది. దాన్ని కబురుతో పాటే పంపుతుంది. అందుకున్న సర్వర్ తన దగ్గరున్న సంకేతంతో అదే లెక్క చేస్తుంది. రెండు సంఖ్యలూ సరిపోతే కబురు నిజం. హెచ్‌మ్యాక్ అని పిలిచే ఈ పద్ధతిని మిహిర్ బెల్లారే, రాన్ కనెట్టి, హ్యూగో క్రాచిక్ 1996లో ప్రతిపాదించారు.

కబురులో ఒక్క పైసా మార్చినా ముద్రలోని బిట్లలో సుమారు సగం తారుమారవుతాయి. ముద్రను గుడ్డిగా ఊహించి కొట్టాలంటే 2ను 256 సార్లు గుణిస్తే వచ్చేన్ని అవకాశాల్లో సరైనదాన్ని పట్టాలి. అది 1 పక్కన 77 సున్నాలు పెట్టినంత పెద్ద సంఖ్య.

స్క్రీన్‌షాట్‌కూ దీనికీ ఉన్న తేడా ఇదే. స్క్రీన్‌షాట్ ఎలా ఉంటుందో అందరికీ తెలుసు కాబట్టి ఎవరైనా చేయగలరు. ముద్ర వేయాలంటే రహస్య సంకేతం కావాలి. ఆ సంకేతాన్ని పేజీ కోడ్‌లోనే రాసి పెడితే మాత్రం ఈ రక్షణంతా పోతుంది. బ్రౌజర్‌లో పేజీ మూలాన్ని తెరిచిన ఎవరికైనా అది కనిపిస్తుంది.

ఇద్దరు సేనాధిపతుల చిక్కు

నిజమైన కబురును ముద్ర గుర్తిస్తుంది. మరి కబురే రాకపోతే? ఎన్ని సందేశాలు అటూ ఇటూ పంపుకుంటే రెండు వైపులవారికీ ‘పని అయిపోయింది’ అన్న సంగతి పూర్తిగా ఖాయమవుతుంది?

ఈ ప్రశ్నకు కంప్యూటర్ శాస్త్రంలో పేరున్న జవాబు ఉంది. ఇ. ఎ. అక్కోయున్లు, కె. ఏకనాథం, ఆర్. వి. హ్యూబర్ 1975లో వెలువరించిన పత్రంలో ఈ చిక్కును చర్చించారు. 1978లో జిమ్ గ్రే దీన్ని ఇద్దరు సేనాధిపతుల కథగా ప్రచారంలోకి తెచ్చారు.

రెండు గుట్టల మీద రెండు సేనలున్నాయి. మధ్య లోయలో శత్రువు ఉన్నాడు. ఇద్దరూ ఒకేసారి దాడి చేస్తే గెలుస్తారు, ఒక్కరే దిగితే ఓడిపోతారు. కబురు పంపాలంటే వార్తాహరుడు లోయ దాటాలి. దారిలో పట్టుబడవచ్చు. మొదటి సేనాధిపతి ‘తెల్లవారుజామున దాడి’ అని కబురు పంపాడు. అది చేరిందో లేదో అతనికి తెలియదు కాబట్టి జవాబు కోసం చూస్తాడు. రెండో సేనాధిపతి ‘సరే’ అని జవాబు పంపాడు. ఆ జవాబు చేరిందో లేదో ఇప్పుడు ఇతనికి తెలియదు. మొదటివాడు ‘నీ జవాబు అందింది’ అని మళ్లీ పంపినా, ఆ కబురు చేరిందా అన్న అనుమానం మిగిలే ఉంటుంది.

ఇది ఎప్పటికీ తెగదని చిన్న తర్కంతో నిరూపించవచ్చు. ఇద్దరికీ నిశ్చయం కలిగించే పద్ధతులన్నిటిలో అతి తక్కువ సందేశాలున్నదాన్ని తీసుకుందాం. అందులో చివరి సందేశం దారిలో పోవచ్చు. పంపినవాడికి అది పోయిందో చేరిందో తెలియదు కాబట్టి ఎలాగైనా అతను దాడికి దిగుతాడు. పద్ధతి సరైనదైతే రెండోవాడు కూడా ఆ సందేశం లేకుండానే దిగాలి. అంటే ఆ చివరి సందేశం అవసరమే లేదు. దాన్ని తీసేస్తే ఇంకా తక్కువ సందేశాలతో పని జరిగిపోతుంది. కానీ మనం తీసుకున్నదే అతి తక్కువ సందేశాలున్న పద్ధతి. ఈ వైరుధ్యం వల్ల అలాంటి పద్ధతి ఉండదని తేలుతుంది.

టవర్లు పెంచినా, 5జీ వచ్చినా ఈ చిక్కు పోదు. సందేశం దారిలో పోయే అవకాశం ఏ కొంచెం ఉన్నా, రెండు వైపులా ఒకే క్షణంలో పూర్తి నిశ్చయం అసాధ్యం. పామేడులో ఇది రోజూ కనిపిస్తుంది, హైదరాబాద్‌లో అప్పుడప్పుడు కనిపిస్తుంది. తేడా అంతే.

తెలియకపోయినా తప్పు జరగకుండా

నిశ్చయం దొరకదని తెలిశాక ఇంజినీర్లు ప్రశ్నను మార్చారు. వెంటనే తెలియకపోయినా చివరికి లెక్క సరిపోయేలా చేయగలమా? మూడు ఉపాయాలు కలిస్తే అది సాధ్యం.

మొదటిది, మళ్లీ మళ్లీ చెప్పడం. అగ్రిగేటర్ సర్వర్ చెల్లింపు కబురును కొనుగోలుదారు ఫోన్ ద్వారా మాత్రమే కాకుండా, వెబ్‌సైట్ సర్వర్‌కు నేరుగా కూడా పంపుతుంది. దీన్ని వెబ్‌హుక్ అంటారు. ‘అందింది’ అన్న జవాబు రాకపోతే కాసేపాగి మళ్లీ పంపుతుంది, ఈసారీ రాకపోతే ఇంకాస్త ఎక్కువసేపు ఆగుతుంది. కొన్నవారు బ్రౌజర్ మూసేసినా, ఫోన్ ఆగిపోయినా ఈ దారి తెరిచే ఉంటుంది.

రెండోది, ఎన్నిసార్లు విన్నా ఒక్కసారి విన్నట్టే ఉండడం. ఒకే కబురు మూడుసార్లు వస్తే మూడు సీసాలు పంపకూడదు కదా. ‘ఖాతాలో 300 కలుపు’ అన్న ఆజ్ఞను మూడుసార్లు పాటిస్తే 900 అవుతుంది. ‘ఆర్డర్ 417 పక్కన చెల్లింపు అందిందని రాయి’ అన్నదాన్ని ముప్పైసార్లు పాటించినా ఫలితం ఒక్కటే. ఈ లక్షణాన్ని ఐడెంపొటెన్స్ అంటారు. ఈ మాటను 1870లో బీజగణితం కోసం పుట్టించినవారు అమెరికా గణితవేత్త బెంజమిన్ పియర్స్. ఏ సంఖ్యను దానితోనే గుణించినా మళ్లీ అదే వస్తుందో, ఆ సంఖ్యకు ఈ లక్షణం ఉన్నట్టు. 1ని 1తో ఎన్నిసార్లు గుణించినా 1 వచ్చినట్టే ఇది. బటన్ నొక్కగానే ముందు ఆర్డర్ సంఖ్య పుట్టడానికి అసలు కారణం కూడా ఇదే. ఆ సంఖ్య లేకపోతే వచ్చిన 300 ఏ సీసా తాలూకుదో, కొత్తదో పాతదో చెప్పలేం.

మూడోది, తీరిగ్గా సరిచూడడం. రాత్రికి వెబ్‌సైట్ పుస్తకాన్నీ అగ్రిగేటర్ జాబితానూ పక్కపక్కన పెట్టి, ‘ఆర్డర్ 417 సంగతేమిటి?’ అని అడగడం. ఊరి కిరాణా కొట్టులో పొద్దుపోయాక గల్లాపెట్టెనూ ఖాతా పుస్తకాన్నీ సరిచూసే పనే ఇది, కాకపోతే సర్వర్ చేస్తుంది. ఒకే ఆర్డర్‌కు రెండు చెల్లింపులు కనిపిస్తే ఒకదాన్ని వాపసు చేయాలి. ఆర్డర్ రద్దయ్యాక ఆలస్యంగా డబ్బు వస్తే, పంపడమో వాపసు చేయడమో ముందే నిర్ణయించుకుని ఉండాలి.

సాంకేతిక ఉపాయాలు విఫలమైన చోటికి నిబంధన వస్తుంది. రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరు 20న ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, యూపీఐలో ఖాతా నుంచి డబ్బు తగ్గి, వ్యాపారికి ధ్రువీకరణ అందకపోతే, లావాదేవీ జరిగిన రోజు తర్వాత 5 రోజుల్లోగా ఆ డబ్బు దానంతటదే వెనక్కి రావాలి. అంతకు మించి ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలి. వ్యక్తి నుంచి వ్యక్తికి పంపినప్పుడు ఈ గడువు ఒక్క రోజే. ఫిర్యాదు చేయడానికి బ్యాంకు సందేశంలో ఉండే లావాదేవీ సంఖ్య చాలు.

ఇంతకీ సిగ్నల్ ఎవరికి కావాలి?

ఇప్పుడు పామేడుకు తిరిగి వద్దాం. ఊరి అంగట్లో క్యూఆర్ కోడ్ పెట్టి అమ్మితే, కొన్నవారి ఫోన్‌కు ఆ క్షణంలో సిగ్నల్ ఉండాలి. డబ్బు పడిందని వినిపించే పెట్టెకు కూడా అదే క్షణంలో ఉండాలి. ఒక్కటి లేకపోయినా బేరం ఆగిపోతుంది.

వెబ్‌సైట్ బటన్‌తో ఈ ఇబ్బంది లేదు. కొన్నవారు హైదరాబాద్‌లోనో రాయ్‌పూర్‌లోనో ఉంటారు, వారికి సిగ్నల్ ఉంటుంది. ఆర్డర్ పుస్తకం ఉన్న సర్వర్, అగ్రిగేటర్, బ్యాంకులు అన్నీ నగరాల్లోని డేటా కేంద్రాల్లో ఉంటాయి. కబురు రాకపోకలు, ముద్ర తనిఖీ, రాత్రి లెక్కలు అక్కడే సాగుతాయి. చెల్లింపు జరిగే క్షణంలో పామేడు ఫోన్ పాత్ర ఏమీ లేదు. సంఘం సభ్యురాలు మర్నాడు గుట్ట ఎక్కినప్పుడో, సంతకు చెర్ల వెళ్లినప్పుడో ఫోన్ తెరిచి జాబితా చూసుకుంటే చాలు. అప్పటికి లెక్కలన్నీ సరిపడి ఉంటాయి. పార్సిల్ ఎలాగూ వెంటనే బయలుదేరేది కాదు కాబట్టి కబురు ఒక రోజు ఆలస్యమైనా నష్టం లేదు.

అందువల్ల సిగ్నల్ సరిగా లేని ఊరివారికి క్యూఆర్ కన్నా బటనే అనువైనది. అయితే ఒక షరతుంది. బటన్ ఉన్న పేజీని, ఆర్డర్ పుస్తకాన్ని ఊళ్లోని కంప్యూటర్‌లోనో సభ్యురాలి ఫోన్‌లోనో పెట్టకూడదు. మొదటి రకం యూపీఐ లింకుతో సరిపెట్టుకుంటే ఈ లాభం రాదు. ప్రతి ఆర్డర్‌కూ ఎవరో ఒకరు సిగ్నల్ వెతుక్కుని స్క్రీన్‌షాట్‌నూ బ్యాంకు ఖాతానూ పోల్చుకుంటూ కూర్చోవాలి.

ఊళ్లోనే ముఖాముఖి అమ్మకాలకు వేరే దారులున్నాయి. ఏ ఫోన్‌లోనైనా *99# కొట్టి ఇంటర్నెట్ లేకుండా డబ్బు పంపవచ్చు. కాల్స్ కలపడానికి టవర్ వాడే సంకేత మార్గంలోనే ఈ సందేశం వెళ్తుంది కాబట్టి 2జీ సిగ్నల్ ఉంటే చాలు. మామూలు బటన్ ఫోన్ల కోసం రిజర్వు బ్యాంకు 2022 మార్చిలో యూపీఐ 123పే ప్రారంభించింది. బొత్తిగా సిగ్నల్ లేని చోటికి 2023లో యూపీఐ లైట్ ఎక్స్ వచ్చింది. రెండు ఫోన్లను దగ్గరగా పెడితే తక్కువ దూరపు రేడియో తరంగాలతో డబ్బు మారుతుంది. యూపీఐ లైట్‌లో ఒక్కో చెల్లింపు పరిమితిని 2024 డిసెంబరులో 1,000 రూపాయలకు, మొత్తం నిల్వ పరిమితిని 5,000కు పెంచారు. ఈ పరిమితి ఎందుకంటే, ఆ క్షణంలో బ్యాంకును అడిగే వీలు లేనప్పుడు పొరపాటు జరిగితే నష్టం చిన్నదిగానే ఉండాలి.

బటన్ పెట్టే ముందు

అగ్రిగేటర్ దగ్గర ఖాతాకు పాన్, బ్యాంకు ఖాతా, వ్యాపారం లేదా సంఘం వివరాలు కావాలి. పేజీలో సరుకు ధర, పంపే ఖర్చు, వాపసు నియమాలు, సంప్రదించే ఫోన్ నంబరు స్పష్టంగా ఉండాలి. ఇవి లేకపోతే అగ్రిగేటర్లు సాధారణంగా ఖాతా తెరవనివ్వరు.

ఖర్చు ముందే లెక్క వేసుకోవాలి. యూపీఐ చెల్లింపులపై వ్యాపారి నుంచి వసూలు చేసే రుసుము 2020 జనవరి 1 నుంచి సున్నా. అయినా అగ్రిగేటర్లు తమ సేవకు విడిగా రుసుము తీసుకోవచ్చు. అది 2 శాతం అనుకుంటే 300 రూపాయల సీసాపై 6 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ 1 రూపాయి 8 పైసలు. చేతికి వచ్చేది 292 రూపాయల 92 పైసలు. ఆ డబ్బు కూడా ఖాతాకు చేరడానికి సాధారణంగా ఒకటి రెండు పనిదినాలు పడుతుంది. సీసా ధర పెట్టేటప్పుడే ఇవన్నీ చూసుకోవాలి.

నిజమైన డబ్బుతో మొదలుపెట్టే ముందు పరీక్ష విధానంలో అన్నీ చెడగొట్టి చూడాలి. పిన్ కొట్టగానే ఫోన్‌లో డేటా ఆపేయాలి. బ్రౌజర్ మూసేయాలి. బటన్ రెండుసార్లు నొక్కాలి. ప్రతిసారీ ఆర్డర్ పుస్తకంలో ఏం రాసి ఉందో చూడాలి. అన్నీ సవ్యంగా ఉన్నప్పుడు ఏ బటనైనా పనిచేస్తుంది, లోపం బయటపడేది ఇలాంటప్పుడే. పేజీలో ‘విఫలమైంది’ అన్న మాటకు బదులు ‘మీ బ్యాంకు నుంచి సమాచారం రావలసి ఉంది, దయచేసి మళ్లీ చెల్లించవద్దు’ అన్న వాక్యం పెట్టడం మంచిది. తెలియని దాన్ని తెలియదనే చెప్పే ఈ ఒక్క వాక్యం వల్ల రెండుసార్లు కట్టే పొరపాట్లు చాలా తగ్గుతాయి.

ఇక హైదరాబాద్‌లో చక్రం తిరుగుతున్న ఆ తెర సంగతి. బటన్‌ను ఇలా పెట్టి ఉంటే, ఆ వ్యక్తి ఫోన్ పక్కన పెట్టేసినా కొద్దిసేపటికి అగ్రిగేటర్ కబురు సర్వర్‌కు చేరుతుంది, ముద్ర సరిపోతుంది, ఆర్డర్ 417 పక్కన ‘చెల్లింపు అందింది’ అని పడుతుంది. ఒకవేళ కబురు రాకపోతే రాత్రి లెక్కల్లో తేలుతుంది. డబ్బు అసలు చేరనే లేదని తేలితే 5 రోజుల్లో ఖాతాకు తిరిగి వస్తుంది. రెండు రోజుల తర్వాత పామేడు నుంచి చెర్ల వచ్చిన సభ్యురాలు ఫోన్ తెరిచి జాబితా చూస్తుంది. 417 దగ్గర అనుమానమేమీ లేదు. తేనె సీసాను అట్టపెట్టెలో పెట్టి పార్సిల్ కట్టేయవచ్చు.